వీడియో కోసం లెన్స్, అడాప్టర్ ఎంచుకోవడం ఎలా? ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రీటేక్ ఉందా, లేదా?

ఒక కెనాన్ 1500డీ, దాంతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్, ఆ తర్వాత డబ్బులు దాచుకుని కొనుక్కున్న 50ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. మన దగ్గర షార్ట్ ఫిల్మ్స్, పెళ్లి వీడియోలు, యూట్యూబ్ మొదలుపెట్టిన చాలామంది బ్యాగులో కనిపించే సెట్ ఇదే. 1500డీలో 4కె రికార్డింగ్ లేదు. అందుకే కొన్నాళ్లకి మిర్రర్‌లెస్ మీదికి మనసు పోతుంది. వెంటనే వచ్చే డౌట్: పాత లెన్సులు కొత్త బాడీకి పని చేస్తాయా?

షాపులో అడిగితే "అడాప్టర్ వేస్తే సెట్ అయిపోద్ది బ్రో" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే సెట్ అవ్వడం వేరు, వీడియోకి పనికిరావడం వేరు. ఫోటోలకి సూపర్ అనిపించిన లెన్స్+అడాప్టర్ కాంబినేషన్, రికార్డ్ బటన్ నొక్కగానే చేతులెత్తేయొచ్చు. అదే టైంలో చవకైన పాత మ్యాన్యువల్ లెన్స్ షార్ట్ ఫిల్మ్‌లో ఖరీదైన లెన్స్‌కి దీటుగా నిలబడొచ్చు. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే మూడు విషయాలు వరసగా చూడాలి. లెన్స్ బాడీకి ఎక్కుతుందా? ఎక్కితే దూరంగా ఉన్నవి కూడా ఫోకస్ అవుతాయా? అయితే లెన్స్, కెమెరా ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయా?

ఫ్లేంజ్ దూరం: ఒక తీసివేత లెక్క

కెమెరా మీద లెన్స్ కూర్చునే మెటల్ రింగ్ నుంచి లోపల సెన్సర్ వరకు ఉండే దూరాన్ని ఫ్లేంజ్ దూరం అంటారు. ప్రతి మౌంట్‌కీ ఇది ఫిక్స్. లెన్స్‌ని డిజైన్ చేసేటప్పుడే "నా వెనక ఇంత దూరంలో సెన్సర్ ఉంటుంది" అని లెక్కేసి చేస్తారు. ముఖ్యమైనవి ఇవి:

- నికాన్ ఎఫ్ (డీఎస్ఎల్ఆర్): 46.5 ఎంఎం
- ఎం42 (పాత స్క్రూ మౌంట్): 45.46 ఎంఎం
- కెనాన్ ఈఎఫ్ (డీఎస్ఎల్ఆర్): 44 ఎంఎం
- కెనాన్ ఎఫ్‌డీ (ఫిల్మ్ కాలం నాటిది): 42 ఎంఎం
- కెనాన్ ఆర్‌ఎఫ్: 20 ఎంఎం
- ఎల్-మౌంట్ (ప్యానసోనిక్, సిగ్మా, లైకా): 20 ఎంఎం
- మైక్రో ఫోర్ థర్డ్స్: 19.25 ఎంఎం
- సోనీ ఈ: 18 ఎంఎం
- ఫుజిఫిల్మ్ ఎక్స్: 17.7 ఎంఎం
- నికాన్ జెడ్: 16 ఎంఎం

ఇప్పుడు లెన్స్ మౌంట్ నంబర్‌లోంచి కెమెరా మౌంట్ నంబర్ తీసేయండి. వచ్చిందే అడాప్టర్ మందం. కెనాన్ ఈఎఫ్ లెన్స్ సోనీ ఈ-మౌంట్ మీద పెట్టాలంటే 44లోంచి 18 పోతే 26 ఎంఎం. అంటే లోపల ఏ గాజూ లేని 26 ఎంఎం గొట్టం చాలు. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం పైకి లేవడానికి ఉంచిన ఖాళీ మిర్రర్‌లెస్‌లో అక్కర్లేదు కాబట్టి ఆ ఖాళీని అడాప్టర్ నింపుతుంది, అంతే.

రిజల్ట్ మైనస్‌లో వస్తే ఆ ఆలోచన మానేయండి. 42 ఎంఎం ఎఫ్‌డీ లెన్స్‌ని 44 ఎంఎం ఈఎఫ్ బాడీ మీద పెట్టలేం. రెండూ కెనాన్‌వే అయినా సరే. పెట్టాలంటే అడాప్టర్‌లో అదనంగా ఒక గాజు ఎలిమెంట్ కావాలి, లేదంటే దూరంగా ఉన్నవి ఎప్పటికీ షార్ప్‌గా రావు. ఆ గాజు చవకదైతే క్లారిటీ పోతుంది.

రిజల్ట్ ప్లస్‌లో ఉంటే ఎంత సన్నగా ఉన్నా పర్లేదు. సోనీ ఈ లెన్సుల్ని నికాన్ జెడ్ బాడీ మీద పెట్టే 2 ఎంఎం అడాప్టర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి.

ఈ లెక్క లెన్స్ కొనేటప్పుడే కాదు, కెమెరా కొనేటప్పుడు కూడా చూడాలి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా 4కె మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్‌తో వచ్చింది. దాని అన్నలాంటి పాకెట్ 6కె ఈఎఫ్ మౌంట్‌తో వచ్చింది. 6కె పేరు పెద్దదే, సెన్సర్ కూడా పెద్దదే. కానీ ఫ్లేంజ్ దూరం 44 ఎంఎం కావడంతో దానికి ఎక్కే లెన్సులు తక్కువ. 4కె మోడల్‌కి మాత్రం ఈఎఫ్, నికాన్ ఎఫ్, ఎం42, ఎఫ్‌డీ అన్నీ అడాప్టర్‌తో ఎక్కుతాయి. ఫ్లేంజ్ దూరం తక్కువ ఉన్న బాడీకి లెన్సుల ప్రపంచం పెద్దది.

ఇంకో చిన్న విషయం. చవక అడాప్టర్లు చాలావరకు ఉండాల్సిన మందం కంటే కాస్త సన్నగా చేస్తారు. అప్పుడు ఇన్ఫినిటీ ఫోకస్ గ్యారంటీగా దొరుకుతుంది. కానీ లెన్స్ మీద ఉన్న దూరాల స్కేలు తప్పు చూపిస్తుంది. స్కేలు చివరిదాకా తిప్పితే ఇన్ఫినిటీ దాటిపోయి, దూరంగా ఉన్న గోపురమో కొండో మళ్లీ బ్లర్ అయిపోతుంది. కాబట్టి స్కేలుని నమ్మకుండా మానిటర్‌ని నమ్మాలి.

ఎక్కింది సరే, మాట్లాడుకుంటున్నాయా?

1987లో వచ్చిన ఈఎఫ్ మౌంట్‌లో కెనాన్ అపర్చర్ కంట్రోల్ మొత్తాన్ని ఎలక్ట్రానిక్ చేసేసింది. లెన్స్ మీద అపర్చర్ రింగ్ లేదు. కాబట్టి పిన్నులు లేని ఉత్త గొట్టం అడాప్టర్ వేస్తే ఈఎఫ్ లెన్స్ అపర్చర్ మార్చలేం, ఫుల్ ఓపెన్‌లోనే ఉండిపోతుంది. పైగా ఎస్‌టీఎం లెన్సుల్లో మ్యాన్యువల్ ఫోకస్ రింగ్ కూడా కరెంటు మీదే నడుస్తుంది. పవర్ అందకపోతే రింగ్ ఎంత తిప్పినా ఫోకస్ కదలదు. అంటే మన 50ఎంఎం ఎస్‌టీఎంకి చవక గొట్టం పనికిరాదు, ఎలక్ట్రానిక్ అడాప్టరే కావాలి. రెండింటికీ ధరలో చాలా తేడా ఉంటుంది, బడ్జెట్ వేసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

నికాన్‌వాళ్లకి వేరే చిక్కు. ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. మధ్యలో చాలా మార్పులు జరిగాయి. పాత డీ సిరీస్ లెన్సుల్లో, ఉదాహరణకి 50ఎంఎం ఎఫ్/1.8డీలో, ఫోకస్ మోటార్ లెన్స్‌లో ఉండదు, కెమెరా బాడీలో ఉంటుంది. నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు. కాబట్టి జెడ్ బాడీ మీద ఈ లెన్స్‌కి ఆటోఫోకస్ రాదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకైతే వస్తుంది. జీ సిరీస్ లెన్సులకి అపర్చర్ రింగ్ ఉండదు, వాటిని వేరే బ్రాండ్ బాడీ మీద వాడాలంటే సొంత రింగ్ ఉన్న అడాప్టర్ చూసుకోవాలి. లెన్స్ పేరు చివర్లో ఉన్న ఒక్క అక్షరం మీ బడ్జెట్‌ని మార్చేస్తుంది.

కెనాన్ ఈఎఫ్ నుంచి కెనాన్ ఆర్‌ఎఫ్‌కి వెళ్లేవాళ్లది అందరికంటే సాఫీ ప్రయాణం. లెన్సూ, బాడీ, అడాప్టర్ మూడూ ఒకే కంపెనీవి. ప్రోటోకాల్ వాళ్లదే. ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు దాదాపు నేటివ్ లాగే పనిచేస్తాయి. అదే ఈఎఫ్ లెన్స్ సోనీ మీదకి వెళ్తే కథ మారుతుంది. ఆ అడాప్టర్లలో చాలావరకు డాక్యుమెంటేషన్ లేని ఏపీఐకి రివర్స్ ఇంజినీరింగ్ చేసి రాసిన డ్రైవర్ లాంటివి. మామూలు కేసుల్లో బ్రహ్మాండంగా నడుస్తాయి. ఎడ్జ్ కేస్ వచ్చినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. వీడియోలో ఎడ్జ్ కేసులే ఎక్కువ.

అసలు ప్రశ్న: రీటేక్ ఉందా?

ఫోటోలో ఫోకస్ ఒక క్షణం లాక్ అయితే చాలు. వీడియోలో మనిషి నడుస్తున్నంతసేపూ ఫోకస్ అతని వెంట పోవాలి. అది కూడా కుదుపు లేకుండా, మోటార్ చప్పుడు మైక్‌లో పడకుండా. ఫోటోల కోసం చేసిన పాత లెన్సుల్లో మోటార్ ఒకేసారి దూకేలా డిజైన్ చేశారు. వేగం బాగుంటుంది, కానీ వీడియోలో ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దీన్నే హంటింగ్ అంటారు. మధ్యలో వేరే కంపెనీ అడాప్టర్ కూడా ఉంటే ఈ సమస్య ఇంకాస్త పెరుగుతుంది.

ఇక్కడే పని స్వభావం చూడాలి. పెళ్లిలో జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. ముహూర్తం దాటాక "సార్, ఫోకస్ పోయింది, ఇంకోసారి పెట్టండి" అనలేం. తలంబ్రాలప్పుడు ఫ్రేములో బియ్యం, పూలు, చేతులు అడ్డం వస్తుంటాయి. అక్కడ ఆటోఫోకస్ మొహాన్ని వదిలేసి గాల్లో ఎగిరే తలంబ్రాల మీదకి పోతే, ఆ ఫుటేజ్‌ని ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ఇలాంటి పనికి బాడీ కంపెనీ లెన్సు, లేదా ఆ మౌంట్ కోసమే చేసిన సిగ్మా, ట్యామ్రాన్ లాంటి లెన్సు తీసుకోవాలి. కెనాన్ నుంచి కెనాన్‌కే మారితే కంపెనీ అడాప్టర్ కూడా ఓకే.

షార్ట్ ఫిల్మ్, మ్యూజిక్ వీడియో, కవర్ సాంగ్ అయితే పరిస్థితి వేరు. షాట్ మనం డిజైన్ చేసుకుంటాం. నటుడు ఎక్కడ ఆగాలో నేల మీద టేప్ అంటిస్తాం. ఫోకస్ తప్పితే ఇంకో టేక్ తీస్తాం. ఇక్కడ మ్యాన్యువల్ లెన్స్ లోపం కాదు, చాలాసార్లు లాభం. సినిమా సెట్లలో ఫోకస్ పుల్లర్ అనే మనిషి ఉండేదే ఇందుకు.

అందుకే ఈ ఆర్టికల్ మొత్తాన్ని ఒక్క రూల్‌గా కుదిస్తే ఇలా ఉంటుంది: రీటేక్ లేని పనికి నేటివ్ లెన్స్, రీటేక్ ఉన్న పనికి అడాప్టర్. రెండు పనులూ చేసేవాళ్లు ముందు ఒక నేటివ్ జూమ్ కొనుక్కుని, మిగతావి అడాప్టర్‌తో నడిపించొచ్చు.

ఒంటరిగా కెమెరా ముందు కూర్చుని మాట్లాడే యూట్యూబర్‌కి రీటేక్ ఉన్నా సరే నేటివే మేలు. కెమెరా వెనక ఫోకస్ తిప్పే మనిషి లేడు కదా.

50ఎంఎం మన గదుల్లో సరిపోతుందా?

క్రాప్ ఫ్యాక్టర్ గురించి చదివి తలనొప్పి తెచ్చుకునే బదులు ఈ ఫార్ములా గుర్తుంచుకోండి: దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఫ్రేములో ఎంత వెడల్పు కనిపిస్తుందో వస్తుంది. దూరం అడుగుల్లో వేస్తే జవాబు కూడా అడుగుల్లోనే.

సెన్సర్ వెడల్పులు: ఫుల్ ఫ్రేమ్ 36 ఎంఎం, సోనీ ఏపీఎస్-సీ సుమారు 23.5 ఎంఎం, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 ఎంఎం.

మనిషి 10 అడుగుల దూరంలో ఉన్నాడనుకోండి. మామూలు అపార్ట్‌మెంట్ బెడ్రూంలో ఇంతకంటే వెనక్కి వెళ్లడానికి గోడ ఒప్పుకోదు. 50ఎంఎం లెన్స్‌తో:

- ఫుల్ ఫ్రేమ్‌లో 7.2 అడుగుల వెడల్పు
- ఏపీఎస్-సీలో 4.7 అడుగులు
- మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు 3.5 అడుగులు

అంటే ఏపీఎస్-సీ బాడీ మీద 50ఎంఎం పెట్టి సోఫాలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురిని ఒక ఫ్రేములో పట్టలేం. ఒకరి క్లోజప్‌కి, మిడ్ షాట్‌కి మాత్రం బాగుంటుంది. అదే ఏపీఎస్-సీ మీద 16ఎంఎం పెడితే 10 అడుగుల దగ్గర 14.7 అడుగుల వెడల్పు వస్తుంది, గది మొత్తం కనిపిస్తుంది. కాబట్టి ఇళ్లలో షూట్ చేసేవాళ్లు రెండో లెన్స్‌గా 85ఎంఎం కోసం తొందరపడకుండా ముందు వైడ్ సంగతి చూసుకోవాలి.

వీడియో మోడ్‌లో అదనపు క్రాప్ ఉందేమో కూడా చూడాలి. సోనీ జెడ్‌వీ-ఈ10నే తీసుకోండి. 4కెలో 30 ఫ్రేములు పెడితే 1.23 రెట్లు క్రాప్ అవుతుంది. పైన చెప్పిన 4.7 అడుగులు 3.8కి పడిపోతాయి. 24, 25 ఫ్రేములకి ఈ క్రాప్ లేదు. డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే ఫ్రేమ్ ఇంకా బిగుసుకుపోతుంది. ఈ బాడీలో సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు కాబట్టి చేత్తో పట్టుకుని తీసేవాళ్లు లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ ఉన్నది చూసుకోవాలి. సోనీ లెన్సుల మీద ఓఎస్ఎస్, కెనాన్ మీద ఐఎస్, ట్యామ్రాన్ మీద వీసీ, నికాన్ మీద వీఆర్ అని రాసి ఉంటుంది.

సెన్సర్ స్టెబిలైజేషన్ ఉన్న బాడీ మీద మ్యాన్యువల్ లెన్స్ పెడితే మెనూలోకి వెళ్లి ఫోకల్ లెంగ్త్ చేత్తో ఎంటర్ చేయాలి. 58ఎంఎం లెన్స్ పెట్టి, మెనూలో 24 అని వదిలేస్తే స్టెబిలైజేషన్ సరిగ్గా పనిచేయదు.

స్పీడ్ బూస్టర్: గాజు ఉన్నా మంచి చేసే అడాప్టర్

అడాప్టర్‌లో గాజు ఉంటే క్లారిటీ పోతుందని పైన చెప్పుకున్నాం. దీనికి మినహాయింపు ఫోకల్ రిడ్యూసర్. 2013లో మెటాబోన్స్ స్పీడ్ బూస్టర్ పేరుతో తెచ్చాక ఇది వీడియోవాళ్లలో బాగా పాపులర్ అయింది. ఇది ఫుల్ ఫ్రేమ్ లెన్స్ వేసే పెద్ద వెలుగు వృత్తాన్ని కుదించి చిన్న సెన్సర్ మీద పడేలా చేస్తుంది. మామూలు రిడ్యూసర్ 0.71 రెట్లు కుదిస్తుంది.

దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, ఫ్రేమ్ వెడల్పు అవుతుంది. 50ఎంఎం లెన్స్ 35.5ఎంఎంలా ప్రవర్తిస్తుంది. ఏపీఎస్-సీ మీద 10 అడుగుల దగ్గర 4.7 అడుగుల బదులు 6.6 అడుగులు కనిపిస్తాయి, దాదాపు ఫుల్ ఫ్రేమ్ వ్యూ. రెండు, అదే వెలుగు చిన్న ఏరియాలో పడుతుంది కాబట్టి ఒక స్టాప్ లైట్ ఎక్కువ వస్తుంది. ఎఫ్/1.8 కాస్తా సుమారు ఎఫ్/1.3 అవుతుంది. రాత్రి వీధి లైట్ల కింద షూట్ చేసేవాళ్లకి ఒక స్టాప్ అంటే ఐఎస్ఓ 3200 బదులు 1600.

షరతులు కూడా ఉన్నాయి. ఇది ఫుల్ ఫ్రేమ్ లెన్సుల కోసం. ఈఎఫ్-ఎస్ రకం 18-55 కిట్ లెన్స్ వేసే వృత్తమే చిన్నది, దాన్ని ఇంకా కుదిస్తే ఏపీఎస్-సీ సెన్సర్ మూలలు నల్లగా వస్తాయి. కొన్ని ఈఎఫ్-ఎస్ లెన్సుల వెనక భాగం లోపలికి చొచ్చుకొస్తుంది, రిడ్యూసర్ గాజుకి తగిలే ప్రమాదం ఉంది. ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉన్నవాళ్లకి రిడ్యూసర్ అవసరమే లేదు. మంచి బ్రాండ్ రిడ్యూసర్ ధర పదుల వేలల్లో ఉంటుంది. ఆ డబ్బుకి ఒక నేటివ్ ఎఫ్/1.4 ప్రైమ్ లెన్స్ వస్తుందేమో ముందు చూడండి. చేతిలో ఇప్పటికే మూడు నాలుగు ఫుల్ ఫ్రేమ్ లెన్సులు ఉన్నవాళ్లకే రిడ్యూసర్ నిజంగా గిట్టుబాటు.

మన కరెంటు, మన ఎండ

మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబులైట్లు, మామూలు ఎల్ఈడీల కింద ఫ్లికర్ గొడవ చాలావరకు తగ్గుతుంది. 1/60 పెడితే గీతలు కదిలినట్టు కనిపించొచ్చు. కదలిక కూడా 1/50 దగ్గరే సహజంగా అనిపిస్తుంది.

కాకపోతే 1/50 దగ్గర షట్టర్ లాక్ అయిపోయిందంటే, ఎండలో లైట్ తగ్గించడానికి దారి మూసుకుపోయినట్టే. లెక్క చూడండి. మంచి ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 అయితే అపర్చర్ ఎఫ్/16 కావాలని పాత ఫోటోగ్రఫీ రూల్. షట్టర్ 1/50 చేస్తే ఎఫ్/22. మనకేమో బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కోసం ఎఫ్/2.8 కావాలి. 22, 16, 11, 8, 5.6, 4, 2.8: ఆరు స్టాపుల లైట్‌ని ఎక్కడో ఆపాలి. లాగ్ ప్రొఫైల్‌లో కనీస ఐఎస్ఓ 800 ఉంటే ఇంకో మూడు, మొత్తం తొమ్మిది స్టాపులు. అందుకే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా ఎఫ్/1.8 లెన్స్ కొనడం పగటి షూటింగులకి సగం ఖర్చే పెట్టినట్టు.

50ఎంఎం ఎస్‌టీఎం ఫిల్టర్ సైజు 49 ఎంఎం, కిట్ లెన్స్‌ది 58 ఎంఎం. ఒక్కోదానికి ఒక్కో ఎన్‌డీ కొనొద్దు. 77 లేదా 82 ఎంఎం ఎన్‌డీ ఒక్కటి, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు కొంటే చాలు. వేరియబుల్ ఎన్‌డీ అయితే చివరిదాకా తిప్పొద్దు, వైడ్ లెన్సుల్లో ఫ్రేమ్ మధ్య ఇంటూ గుర్తులా నల్లటి మచ్చ వస్తుంది.

అడాప్టర్‌కి ఉన్న ఒక లాభం ఇక్కడే కనిపిస్తుంది. ఈఎఫ్, ఆర్‌ఎఫ్ మధ్య 24 ఎంఎం ఖాళీ ఉంది కదా, అందులోనే ఫిల్టర్ దూర్చే డ్రాప్-ఇన్ అడాప్టర్ కెనాన్ తెచ్చింది. లెన్స్ ఏది పెట్టినా ఎన్‌డీ అడాప్టర్‌లోనే ఉంటుంది. చక్రం తిప్పితే లైట్ తగ్గుతుంది. నేటివ్ ఆర్‌ఎఫ్ లెన్సులతో ఈ సౌకర్యం లేదు.

పాత మ్యాన్యువల్ లెన్సులు: చవకే, కానీ టార్చ్ పట్టుకెళ్లండి

సోవియట్ కాలంలో తయారైన హీలియోస్ 44-2 వీడియోవాళ్లకి ఇష్టమైన పాత లెన్స్. 58ఎంఎం, ఎఫ్/2, ఎం42 మౌంట్. జర్మనీ జైస్ బయోటార్ డిజైన్ ఆధారంగా చేశారు. వెనక చెట్ల ఆకులుంటే బ్లర్ సుడులు తిరిగినట్టు వస్తుంది. ఫోకస్ రింగ్ చాలాసేపు తిరుగుతుంది, అందువల్ల మెల్లగా, కచ్చితంగా ఫోకస్ లాగొచ్చు. అపర్చర్ రింగ్ క్లిక్కులు లేకుండా నున్నగా తిరుగుతుంది కాబట్టి షాట్ మధ్యలో లైట్ మార్చినా తెలియదు. ఎం42 నుంచి సోనీ ఈకి గొట్టం అడాప్టర్ మామూలుగా ఒకటి రెండు వేలల్లో దొరుకుతుంది. సోనీలో అయితే మెనూలో "లెన్స్ లేకుండా షట్టర్ రిలీజ్" ఆన్ చేయాలి, లేకపోతే లెన్స్ లేదని కెమెరా మొండికేస్తుంది. ఫోకస్ పీకింగ్, జూమ్ చేసి చూసే మ్యాగ్నిఫైయర్ రెండూ బటన్లకి సెట్ చేసుకోండి.

కొన్ని ఎం42 లెన్సుల వెనక ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని అడాప్టర్ లోపలి అంచు నొక్కి పట్టుకోవాలి, లేదా లెన్స్ మీద ఆటో/మ్యాన్యువల్ స్విచ్ ఉండాలి. రెండూ లేకపోతే అపర్చర్ రింగ్ తిప్పినా బ్లేడ్లు కదలవు.

పాత లెన్సులకి అసలు శత్రువు ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో తేమ ఎక్కువ, బీరువాలో ఏళ్ల తరబడి పెట్టిన లెన్స్ లోపల సాలెగూడులాంటి తెల్లటి పోగులు పాకుతాయి. కొనేముందు రెండు మూతలూ తీసి, అపర్చర్ ఫుల్ ఓపెన్ చేసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. బ్లేడ్ల మీద నూనె మరకలు ఉన్నాయా, రింగ్ మధ్యలో పట్టేస్తోందా కూడా చూడాలి. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి.

డబ్బు ఇచ్చేముందు పది నిమిషాల టెస్ట్

మీ బాడీ, మీ కార్డు, మీ బ్యాటరీ పట్టుకుని వెళ్లండి. అడాప్టర్‌తో సహా లెన్స్ బిగించి ఇవి చేయండి:

1. బిగించాక లెన్స్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఊగుతుంటే వద్దు. ఫోకస్ తిప్పిన ప్రతిసారీ ఫ్రేమ్ కదులుతుంది.
2. షాపు బయటికి వచ్చి, బాగా దూరంగా ఉన్న బోర్డు మీద ఫోకస్ పెట్టండి. షార్ప్‌గా రాకపోతే అడాప్టర్ మందం తేడా ఉంది.
3. అపర్చర్ మార్చి స్క్రీన్‌లో వెలుగు మారుతోందో చూడండి.
4. ఫ్రెండ్‌ని దూరం నుంచి మీవైపు నడిపిస్తూ వీడియో తీయండి. ఫోకస్ మొహం మీదే ఉందా, ఊగుతోందా?
5. అదే షాట్‌లో అతను మొహం ముందు చెయ్యి అడ్డం పెట్టి తీయాలి. ఫోకస్ మళ్లీ మొహానికి ఎంతసేపట్లో వచ్చింది?
6. రికార్డ్ అయిన ఆడియో ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మోటార్ చప్పుడు పడిందా?
7. జూమ్ అయితే ఫోకస్ పెట్టి జూమ్ అవుట్ చేయండి. చాలా ఫోటో జూముల్లో ఫోకస్ జారిపోతుంది, ఎంత జారుతుందో తెలిసుండాలి.

సెకండ్ హ్యాండ్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొంటూ ఇవన్నీ చేసే ఛాన్స్ లేకపోతే, ముందు అదే మోడల్‌ని ఒక రోజు అద్దెకి తీసుకోండి. హైదరాబాద్‌లో కృష్ణానగర్ వైపు కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకి ఇస్తారు. ఒకరోజు అద్దె కడితే కొనాలా వద్దా అన్నది తేలిపోతుంది.

ఎవరికి ఏది?

పెళ్లిళ్లు, ఈవెంట్లు చేసేవాళ్లు: ఆ మౌంట్‌కే చేసిన ఎఫ్/2.8 జూమ్. సోనీ ఏపీఎస్-సీ అయితే సిగ్మా 18-50 లేదా స్టెబిలైజేషన్ కావాలంటే ట్యామ్రాన్ 17-70. కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఇప్పటికే చాలా ఉంటే సోనీకి దూకకుండా ఆర్‌ఎఫ్ బాడీ, కంపెనీ అడాప్టర్.

షార్ట్ ఫిల్మ్ టీమ్: బాడీ ఏదైనా ఒక వైడ్ లెన్స్ నేటివ్‌ది, మిగతావి అడాప్టర్ మీద పాత మ్యాన్యువల్ ప్రైములు. మిగిలిన డబ్బు ఎన్‌డీకి, మంచి మైక్‌కి.

ఒంటరి యూట్యూబర్: 16ఎంఎం లేదా అలాంటి నేటివ్ వైడ్ ప్రైమ్. అడాప్టర్ జోలికి వెళ్లొద్దు.

1500డీ, 18-55, 50 ఎస్‌టీఎం మాత్రమే ఉన్నవాళ్లు: ఈ రెండు లెన్సుల కోసం కొత్త సిస్టమ్ ఎంచుకోవద్దు. రెండింటి సెకండ్ హ్యాండ్ విలువా, మంచి ఎలక్ట్రానిక్ అడాప్టర్ ధరా పక్కపక్కన పెట్టి చూడండి. అడాప్టర్ ధరే ఎక్కువ అనిపిస్తే లెన్సులు అమ్మేయండి. ఆర్‌ఎఫ్‌కే వెళ్తుంటే మాత్రం 50 ఉంచుకోండి.

రేపు మీరు తీయబోయే షూట్‌ని తలుచుకోండి. ఫోకస్ పోతే "ఇంకో టేక్" అని మీరు అనగలరా? అనగలిగితే అడాప్టర్ కొనండి. అనలేకపోతే ఆ డబ్బు నేటివ్ లెన్స్ మీద పెట్టండి.